సహీ అనని సారు

పాండురంగం సారు మా ఇంటికి మొదటిసారి వచ్చిన దినం మా అవ్వ కూసోమని పీటేస్తే, కూసునే ముందుగాల ఆయన ఆ పీటను బోర్లించి కింద ఏమున్నదో చూసిండు. నీళ్లిస్తే చెంబులకు తొంగి చూసి "ఏ బాయి నీళ్లు?" అని అడిగిండు. మా అవ్వకు, అంటే మా అమ్మ రాజవ్వకు, నవ్వాగలే, కొంగు నోట్ల కుక్కుకున్నది. నాకైతే నవ్వు రాలే. ఆయన ఎందుకొచ్చిండో నాకెరుకే.

గసొంటి అనుమానపు మనిషిని నా బతుకుల ఇంకొకల్ని చూడలే. ఉండేది హన్మకొండల, వాళ్ల తాతల నాటి కిరాణ దుకాణం ఎనుక ఇంట్ల. దుకాణం అన్నదమ్ములకు ఇడిసిపెట్టి వరంగల్ సర్కారు హైస్కూలుల తారీఖు చెప్పేటోడు. తారీఖు అంటే చరిత్ర. అప్పుడు సదువంత ఉర్దూలనే. రోజు సైకిల్ మీద వచ్చేది, సైకిల్‌కు రెండు తాళాలు ఏసేది. ఒక తాళపుచెయ్యి జేబుల, ఇంకోటి మొలతాడుకు. ఒక తాళం దొంగ కోసం, రెండోది మొదటి తాళం చేసినోని కోసమట!

అనుమానం పెనుభూతం అంటరు గని, ఆ బడికి నాలుగు జిల్లాల పేరొచ్చిందంటే సగం ఆ భూతం పుణ్యమే. పిలగాళ్లు ఫుట్‌బాల్ కప్పు గెలుచుకొచ్చిన నాడు అందరు దండలేస్తాంటే, ఈయన తాడు పట్టుకోని పోయి గోలు గుంజల నడిమి జాగ కొలిచిండు. అవతలోళ్లను అనుమానించి కాదు, మనోళ్లను! తేడా లేదని తేలినంకనే చప్పట్లు కొట్టిండు, అవి కూడ రెండే. నాటకం ఆడే పిలగాళ్లకు ఇనాం వచ్చిందని తెలిస్తే, పరదా ఎనుకనుంచి ఎవడో మాటలు అందించిండని ఈయనకు శక్, అనుమానం. మైదానంల పరదా లేకుంట, మిట్టమధ్యాన్నం, మొదటిసంది కడదాంక మళ్ల ఆడిపిచ్చిండు. ఒక్క మాట తప్పలే పాపం వాళ్లు. ఉర్దూ పద్యాల పోటీకి పొయ్యే పిలగాళ్లయితే, పోటీల కన్న పాండురంగం సారు ముంగట నిలబడుడే కష్టం అనేటోళ్లు. ఆయన శక్‌ను దాటినోడు ఇంకెక్కడన్న దాటుతడు. బడి వరండల మెట్రిక్‌ల మొదటి దర్జాల పాసయినోళ్ల పేర్లు రాసిన బోర్డు ఉండేది. ఆ పేర్లన్నిట్ని గిట్ల గీకి, వడపోసి, మళ్ల గీకినోడు ఈయనే.

గని ఒక్క మాట ఆయన నోట రాకపోయేది. సహీ. అంటే కరెక్ట్ అని. వేరే సార్లు పలకల మీద, కాపీల మీద ఊకెనే సహీ సహీ అని రాస్తరు. ఈయన ఎర్ర పెన్సిల్ పట్టుకోని మూడుసార్లు చదివి, ఒక గీత గీసి ఇచ్చేస్తడు. "సహీ అన్నంక తప్పు దొరికితే నా మొఖం యాడ పెట్టుకోవాలె?" అనేటోడట.

ఊకెనే అట్ల తయారు కాలే ఆయన. చానా ఏండ్లకు ఆయన భార్య శకుంతలమ్మ మా అవ్వతోని చెప్పింది. ముందుగాల తొర్రూరు బడిల ఉన్నప్పుడు ఈయన అందర్ని నమ్మేటోడట. ఒక పిలగాడు కాళ్లమీద పడి ఏడిస్తే పరీక్ష కాయితాలున్న అర్రల పండుకోనిచ్చిండు, వానకు ఇల్లు కూలిందన్నడని. తెల్లారేసరికి సవాళ్లన్నీ, అంటే పరీక్ష ప్రశ్నలన్నీ, బజారుల ఉన్నయి. పిలగాడు పరారు. ఈయన్ని మూడు నెలలు కొలువుల నుంచి తీసేసి, నలుగుట్ల నిలబెట్టి అడిగిర్రు. అప్పటిసంది నమ్ముడు బందు.

ఇగ మా సంగతి. మాది కొత్తవాడ. మా బాపు సిద్దిరాములు జంపఖానాలు నేసేటోడు. పెద్ద జంపఖానా ఒక్కలు నేస్తే తెగది, ముగ్గురు ఒక పక్కకొకలు కూసోవాలె. మా ఇంట్ల ఎడమ దిక్కు మా అన్న మార్కండేయులు, కుడి దిక్కు మా చిన్నాయన కొడుకు యాకయ్య, నడుమ నేను. నడిమి పీట మీద కూసున్నోళ్లే రంగు పిలువాలె. "ఎరుపు పన్నెండు, నీలం పన్నెండు" అని నేను నూలు వరుసల లెక్క పిలుస్తె, ఇద్దరు తల లేపకుంట నేసుకుంట పోతరు. పిలుపు ఎట్లుంటే జంపఖానా అట్లుంటది. పక్కోని దిక్కు చూసినోడు, పిలుపును నమ్మనోడు నేతగాడే కాదని మా బాపు అనేటోడు. నాకప్పుడు పదమూడేండ్లు. ఆ పీట మీద కూసుంటే మా బాపు కూడ నా మాటనే ఇనాలె. ఇంట్ల ఇంకెక్కడ దొరుకుతది ఆడపిల్లకు అసొంటి కుర్చీ!

దానికి ఒక కట్టడి ఉన్నది, మా తాత పెట్టింది. పిలుపు తప్పినోళ్లు పీట దిగాలె. దిగి నూలు కండెలు చుట్టుకోవాలె. మళ్ల ఎక్కుడు పెద్దోళ్ల చేతిల ఉంటది, ఎక్కకపోవచ్చు కూడ.

అన్న, యాకయ్య ఇద్దరు హైస్కూలుకు పోయేది. పొద్దుగాల బడికి పోయే ముందు, మళ్ల వచ్చినంక మగ్గం మీద కూసోవాలె, లేకుంటె బాపు సదువు మాన్పిస్తడు. మరి పాఠం ఎప్పుడు చదువుడు? అన్న నాకు పాఠం ఒక్కసారి చదివి ఇనిపిచ్చేది. నాకు అచ్చరం రాదు గని చెవుల పడ్డది పోదు. రంగుతో పాటు పాఠం కూడ నేనే పిలిచేదాన్ని. వాళ్లిద్దరు పంజాతోని, అంటే ఇనుప దువ్వెనతోని, నూలు మీద దెబ్బ కొట్టుకుంట నా ఎనుక అనేటోళ్లు. గట్ల ఇద్దరికి క్లాసుల మంచి మార్కులు. నాకు లోపట మస్తు గర్వం. బయటికి చెప్పద్దని ముగ్గురం ఒట్టేసుకున్నం.

ఆ ఏడు గోల్కొండ నవాబుల పాఠం వచ్చింది. కొన్ని నెలలే ఏలిన సుబహాన్‌తో కలిపి ఎనిమిది మంది. ఒకనాడు నలుగుర్ని నేర్చుకున్నం: ఎరుపు పట్టె మీద సుల్తాన్ కులీ, నీలం మీద జంషీద్, పసుపు మీద సుబహాన్, ఆకుపచ్చ మీద ఇబ్రహీం. తెల్లారి కొత్త జంపఖానా మొదలువెట్టి మిగిలిన నలుగుర్ని: ఎరుపు మీద చార్మినార్ కట్టిన మహమ్మద్ కులీ, నీలం మీద మహమ్మద్, పసుపు మీద అబ్దుల్లా, ఆకుపచ్చ మీద తానీషా. అప్పటిదాంక మంచిగనే ఉన్నది. మూడోనాడు ఎనిమిది మందిని ఒక్కటే జంపఖానా మీద పిలిచిన. జంపఖానా సగం దాటినంక ఏమైతది? రంగులు ఎనుకకు మర్రుతయి. ఆకుపచ్చ తర్వాత మళ్ల ఆకుపచ్చ, పసుపు, నీలం, కడకు ఎరుపు. అట్లయితెనే రెండు కొసలు ఒక్కతీరుంటయి. రంగులు మర్రినయి, వాటితోని నవాబులు కూడ మర్రిర్రు. ఇబ్రహీం తర్వాత తానీషా, ఆయన తర్వాత అబ్దుల్లా, మహమ్మద్, అందరికన్న కడకు చార్మినార్ కట్టినోడు. నాకు సోయే లేదు. ఆళ్లకూ లేదు. నడిమి పీట పిలుపు గదా, ఎవలు అనుమానిస్తరు!

ఆరు నెలల పరీక్ష అయింది. అన్న ఒక కమ్రల, యాకయ్య ఇంకో కమ్రల కూసున్నరు. కాయితాలు పాండురంగం సారు కాడికి పోయినయి. రెండు కాయితాలల్ల ఒక్కటే మాట, ఒక్కటే వరుస, ఒక్కటే తప్పు. ఇంకేమున్నది, భూతం లేసి కూసున్నది!

ముందుగాల నీళ్లు పోసే ముసలాయన్ని పట్టుకోని గ్లాసుల చిట్టీలు మోసినవా అని అడిగిండట. కిటికీలు చూసిండు, గోడ బొక్కలల్ల పుల్ల పెట్టి చూసిండు. అటెన్క ఇద్దర్ని పిలిచి, ఒకల్ని ఈ గోడకు, ఒకల్ని ఆ గోడకు కూసోవెట్టి నడుమ తాను నిలబడి మళ్ల రాయమన్నడు. మళ్ల అదే తప్పు! ఆయనకు చెమట పట్టిందట.

"కాపీ కొట్టినోడు పక్కోని కాయితం లేకుంట అదే తప్పు మళ్ల రాయలేడు," అన్నడట. "తప్పును బట్టీ వట్టిర్రు మీరు. అంటే ఎనుక ఎవడో ఉన్నడు. ఎవడో మీకు జవాబులు రాసి అమ్ముతాండు. వాని పేరు చెప్పుర్రి."

ఇద్దరు నోరు తెర్వలే. నా పేరు చెప్తే నేను పీట దిగాలె. అదొక్కటే వాళ్ల ఫికర్.

"శనివారం దాంక చూస్త. చెప్పకుంటె సదర్ సాబుకు కాయితం పోతది, మీ పేర్లు కొట్టేస్తరు," అన్నడట సారు. సదర్ సాబంటే హెడ్మాస్టరు.

అన్న ఇంటికొచ్చి చెప్పంగనే బాపు "మంచిదాయె!" అన్నడు. ఆయనకు బడి మీద మొదటిసంది శకే. "మగ్గం ఉన్నది, కాళ్లు చేతులున్నయి. దొంగ పేరు మోసుకుంట సదువుడెందుకు?" అన్నడు. అన్న పుస్తకాల సంచి తీసి దూలానికి తగిలిచ్చిండు. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఊకున్న. నా తప్పని నాకు తెలిసింది. అన్నతోని పుస్తకం తీపిచ్చి మళ్ల చదివిపిచ్చుకుంటె తెలిసింది. చెప్పాలె. చెప్తే పీట పోతది. చెప్పకుంటె అన్న బడి పోతది. ఎంత సిగ్గులేనిదాన్నో చూడుర్రి, పీట దిక్కే మనసు గుంజింది.

శుక్రవారం మాపటియాళ్ల సారే వచ్చిండు, చెప్పకుంట. పీట బోర్లించి చూసింది గప్పుడే.

"సారూ, మా ఇంట్ల అచ్చరం ముక్క వచ్చినోళ్లు ఈ ఇద్దరే," అన్నడు బాపు చేతులు కట్టుకోని. "ఎనుక ఎవలుంటరు?"

సారు మగ్గం కింద గుంతలకు వంగి చూసిండు. నూలు చుట్టలు పక్కకు జరిపి చూసిండు. అవ్వ వంటింట్ల ఉప్పు కుండ మూత కూడ తీసిండు. ఏం దొరకలే. కడకు "మీ పని మీరు చేసుకోండ్రి. నేను కూసుంట," అని అవ్వ ఏసిన పీట మీద కూసున్నడు.

నేసుడు మొదలువెట్టినం. నేను ఒట్టి రంగులే పిలిచిన. "ఎరుపు పన్నెండు." దెబ్బ. "నీలం పన్నెండు." దెబ్బ. గని అలవాటు గదా, ఊరుకుంటదా? ఆకుపచ్చ అని నేననంగనే యాకయ్య గొణిగిండు, "ఇబ్రహీం." సారు చెవులు కుందేలు చెవులు. లేసి వచ్చి యాకయ్య ఎనుక నిలబడ్డడు.

"ఆకుపచ్చకు ఇబ్రహీం ఎందుకురా?"

అన్న నా దిక్కు చూసి వద్దు అన్నట్టు తల ఊపిండు. ఆ ఊపుడు చూసేసరికి నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చినయి. నా కోసం వాడు బడి ఇడిసిపెడతాండు, నేనేమో పీట పట్టుకోని యాలాడుతాన! థూ, నా బతుకు!

"తప్పు నాది సారూ," అని చెప్పిన నేను. "నేనే పిలిచిన. జంపఖానా మర్రిందని నవాబుల్ని కూడ మర్రిపిచ్చిన. వాళ్లు పిలుపును నమ్మిర్రు, అంతే."

మగ్గం ఆగిపోయింది. బాపు నన్ను చూసిన చూపు నేనిప్పటికి మర్వలే.

సారుకు నమ్మబుద్ధి అయితదా? ఎనిమిది మందిని చెప్పమన్నడు, చెప్పిన. ఎనుకనుంచి చెప్పమన్నడు, చెప్పిన. నాలుగు నెలల కిందటి పాఠం అడిగిండు, ఉర్దూ మాటకు మాట చెప్పిన. నా చేతి ఏళ్లు పట్టి చూసిండు, సిరా మరక ఉన్నదేమో అని. అటెన్క సంచిలనుంచి ఒక పుస్తకం తీసి నా చేతికిచ్చి "చదువు" అన్నడు. నేను పట్టుకోని చూసుకుంట నిలబడ్డ. ఎంతసేపు నిలబడ్డనో. అన్న తల దించుకున్నడు. సారు మెల్లగ ఆ పుస్తకం నా చేతుల నుంచి తీసి, తిప్పి, మళ్ల నా చేతుల పెట్టిండు. తలకిందులు ఇచ్చిండు పాపిష్టాయన, నాకు చదువు వస్తదో రాదో చూద్దామని. ఆ యాళ్ల నాకైన సిగ్గు ఎవలికీ కావద్దు.

"అచ్చరం రాదు ఈ పిల్లకు," అన్నడు సారు, తనకు తానే చెప్పుకున్నట్టు. సైకిల్ తాళాలు రెండు తీసుకోని పోయిండు. సోమవారం అన్నను, యాకయ్యను బడికి రమ్మన్నరు. ఆ ఒక్క సవాలుకు ఇద్దరికి సున్న ఏసిండు. సదర్ సాబుకు కాయితం పోలే.

నేను పీట దిగిన. బాపు తిట్టలే, కొట్టలే. ఆయన లోపల తిట్టుకున్నది నాకు ఇనబడేది. నడుమ ఆయనే కూసున్నడు. నేను మూలకు కండెలు చుట్టుకుంట కూసున్న, ఎనిమిది నెలలు. రెండో పెద్ద యుద్ధం కాలం, నూలు దొరకక మగ్గాలు సగం దినాలు ఖాళీ ఉండేటివి. పనున్న దినం కూడ నన్ను పిలిచేటోళ్లు లేరు.

బడిల ఏడాది పండుగ, జల్సా, వస్తాంది, స్టేజీ మీదికి జంపఖానా కావాలెనని సర్కారు నూలుతో పాటు బడి నుంచి పని వచ్చింది. తెచ్చింది పాండురంగం సారే. ఒక షరతు పెట్టిండు. "పోయినసారి తప్పు పిలిచిన పిల్ల ఉన్నది గదా, ఆ పిల్లనే పిలువాలె. లేకుంటె వేరే ఇంటికిస్త."

బాపు బిత్తరపోయిండు. "సారూ, తప్పు పిలిచినామెనే?"

"తప్పు చేసినోళ్లను చానామందిని పట్టిన. పట్టుకోకముందే ఒప్పుకున్నది ఆ పిల్లొక్కతే," అన్నడు సారు. మళ్ల తన మాట మీద తనకే శక్ వచ్చినట్టు, "నేను చూసినంతల," అని కలిపిండు.

బాపు వేరే పనికి నూలు కోసం వర్ధన్నపేట పోయిండు, మూడు దినాలు రాలే. నేను నడిమి పీట ఎక్కిన. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ పిలిచిన. సగం అయింది. చేతులు ఆకుపచ్చ దిక్కే మర్రబోయినయి. నేను గట్టిగ "ఎరుపు" అని పిలిచిన. అన్న జీవితంల మొదటిసారి తల లేపి నా దిక్కు చూసిండు. "ఎరుపే," అని మళ్ల పిలిచిన. నేసిర్రు. మర్రకుంట, సీదా, ఎనిమిది పట్టెలు. ఒక కొస ఎరుపు, ఇంకో కొస ఆకుపచ్చ.

బాపు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నడు. "కొసలు కలువని జంపఖానా ఎవడన్న నేస్తడా? మళ్ల తప్పు పిలిచినవ్! కొత్తవాడ పరువు తీసినవ్!" విప్పుదామంటె దినాలు లేవు, కొత్త నూలు దొరకలే. "బడోళ్లు వాపస్ చేస్తె ఆ పీట ముట్టుకోకు ఇంక," అన్నడు. ఆ తర్వాత నాతోని మాట బందు.

జల్సా నాడు ఆడోళ్లకు ఒక పక్కకు పరదా కట్టిర్రు. నేను, అవ్వ పరదా సందుల నుంచి చూస్తానం. స్టేజీ మీద మా జంపఖానా పరిచి ఉన్నది. సదర్ సాబు ఆ ఏడు గెలిచిన కప్పులు, నాటకం ఇనాం, మెట్రిక్‌ల పాసయినోళ్ల పేర్లు చదివిండు. తారీఖుల మొదటి ఇనాం మా అన్నకు. ఇచ్చేతందుకు పాండురంగం సారును పిలిచిర్రు.

సారు స్టేజీ ఎక్కి జంపఖానా అంచు కాడ ఆగిపోయిండు. వంగి చూసిండు. ఈ కొస, ఆ కొస. బాపు మొగోళ్లల్ల నిలబడి నేల చూపులు చూస్తాండు. సారు చెప్పులు ఇడిసిండు. ఎరుపు మీద కాలు పెట్టి ఆగిండు, సుల్తాన్ కులీ అన్నట్టు పెదిమెలు కదిలినయి. నీలం మీదికి పోయిండు, మళ్ల కదిలినయి. గట్ల ఒక్కొక్క పట్టె మీద ఆగుకుంట కడ ఆకుపచ్చ దాంక పోయిండు. జనం నవ్వుతాండ్రు, సారుకు జంపఖానా మీద కూడ శక్ వచ్చిందని. ఆయన ఎనుకకొచ్చి మళ్ల మొదటిసంది నడిచిండు. మూడోసారి కూడ. కడకు ఆకుపచ్చ మీద వంగి, ఏలు తడుపుకోని రుద్ది, రంగు పోతదేమో చూసుకోని, లేసి నిలబడి పరదా దిక్కు తిరిగి గట్టిగ అన్నడు.

"సహీ."

అన్నకు ఇచ్చే ఇనాం గురించి అన్నడనుకోని అందరు చప్పట్లు కొట్టిర్రు. ఆ బడిల పన్నెండేండ్లల్ల ఆయన నోట ఆ మాట ఎవలు ఇనలేదట. అన్న ఒక్కడే పరదా దిక్కు చూసి నవ్విండు. నేను కొంగుల మొఖం పెట్టుకోని ఎక్కెక్కి ఏడ్చిన.

"ఏమయిందే పిల్లా?" అన్నది అవ్వ పరేషానై.

"ఏం కాలే," అని చెప్పిన. "బాపుకు చెప్పు. జంపఖానా తప్పు లేదట."